ఒర్లియంపేట తోటను 'పార్కు' అని రాయకండి

వలస పాలనలో విజ్ఞానశాస్త్రం గురించి మెయిన్స్‌లో అడిగితే చాలా జవాబుల్లో కనిపించేవి రైల్వేలు, టెలిగ్రాఫ్, భూసర్వేలు. బొటానికల్ గార్డెన్ ఎవరికీ గుర్తు రాదు. గుర్తొచ్చినా కలకత్తా పేరు రాసి, 'వనరుల దోపిడీకి సాధనం' అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఆ వాక్యం తప్పు కాదు. కానీ అది సగం జవాబే.

మీరు పుదుచ్చేరి వెళ్తే బీచ్ రోడ్డుతో సరిపెట్టకండి. పాత బస్టాండు దగ్గర, ఒర్లియంపేటలో, 1826లో ఫ్రెంచివాళ్లు వేసిన తోట ఉంది. గులకరాళ్ల బాటలు, ఫౌంటెన్లు, వరుసగా కత్తిరించిన చెట్లు చూస్తే సాయంత్రం షికారుకు వేసినట్టే ఉంటుంది. అసలు పని వేరు. ఈ నేలలో ఏ పంట పండుతుందో, ఏది లాభమో తేల్చే ప్రయోగాలు 1831లో ఇక్కడ మొదలయ్యాయి. తర్వాత దీన్ని చూసుకున్న వృక్షశాస్త్రవేత్త పెరోతే అంతకుముందు ఆఫ్రికాలోని సెనెగల్‌లో పనిచేశాడు. 1842లో నీలిమందు తయారీ మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. నీలిమందే ఎందుకు? పుదుచ్చేరిలో నీలి రంగు అద్దిన బట్ట సెనెగల్‌కు వెళ్లేది, అక్కడ దాన్నిచ్చి తుమ్మజిగురు కొనేవారు. అంటే ఈ తోటలో మొక్కకూ, మన నేతగాడి మగ్గానికీ, ఆఫ్రికా రేవుకూ లంకె ఉంది. జవాబులో ఈ ఒక్క ఉదాహరణ చాలు, పది విశేషణాలు అక్కర్లేదు.

1545లో ఇటలీలోని పాదువాలో తోట వేసింది వైద్య విద్యార్థులకు మందుమొక్కలు గుర్తుపట్టడం నేర్పడానికి. వలసలకొచ్చేసరికి తోట పని మారింది, మందు పక్కన వ్యాపారం వచ్చి కూర్చుంది.

ఇక రెండో సగం. దానికి మన గోదావరి జిల్లాలకే రావాలి. పుదుచ్చేరిలో భాగమైన యానాం నుంచి కాకినాడ దాటి కొంచెం ముందుకెళ్తే సామర్లకోట. ఒర్లియంపేట తోట కంటే దాదాపు నలభై ఏళ్ల ముందే, ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ మిరియాలు, నీలి, పట్టుకోసం మల్బరీ పెంచి చూశాడు. మొక్కల బొమ్మలు వేసింది మనదేశపు చిత్రకారులు. ఆ బొమ్మలతోనే 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం వెలువడింది. రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన సోమిద మాను బెరడు జ్వరానికి సింకోనాకు బదులు పనికొస్తుందని ప్రచారం చేశాడు. ఈరోజు ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. లాటిన్ వేషంలో ఉన్న తెలుగు మాట అది! గ్రంథం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. ఆ మాట చెప్పిన మనిషి పేరు మాత్రం లేదు.

నా దృష్టిలో మార్కులు తెచ్చేది ఈ ఖాళీయే. 'ఫ్రెంచివారు విజ్ఞానం తెచ్చారు' అన్నా, 'తెల్లవాళ్లు అంతా దోచారు' అన్నా చెట్టును గుర్తుపట్టి పేరు చెప్పినవాడు, బొమ్మ గీసినవాడు జవాబులోంచి జారిపోతారు.

ఈ వారం సాధన ప్రశ్న, 250 పదాల్లో: వలసకాలపు వృక్షశాస్త్ర తోటల్లో స్థానిక జ్ఞానం పాత్ర ఏమిటి? ఒర్లియంపేట, సామర్లకోటల ఆధారంగా చర్చించండి.