వాళ్లు నిద్రపోలేదు, వింటున్నారు!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మళ్లీ నాటిన చెట్టు కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ తోటలను నమ్ముకున్న కూలీలు, చిరువ్యాపారులు అప్పులపాలయ్యారు. కూలిన చెట్లను అధికారులు లెక్కగట్టారు. పిల్లల మనసుకు తగిలిన దెబ్బను లెక్కగట్టేదెవరు?

గాలి హోరెత్తితే తల్లి కొంగు పట్టుకునే బిడ్డను, పక్క తడిపే బిడ్డను, బడివేళకు కడుపునొప్పి అనే బిడ్డను మనం మొండివాడనో, పిరికిదనో గద్దిస్తాం. నిజానికి అది దిగులు. దానికి తుపానే రానక్కరలేదు. అప్పు గురించి అబ్బా, అమ్మీ రాత్రిపూట పడే గొడవ చాలు. పిల్లలు నిద్రపోయారనుకుంటాం. వాళ్లు దుప్పటి కింద సగం విని, మిగతా సగం భయంతో ఊహించుకుంటారు. అంతా తమవల్లేనని కూడా అనుకుంటారు, పాపం!

ఏమీ లేదని కసురుకోవడం కంటే ఉన్నమాట వారి వయసుకు తగినంత చెప్పడమే మేలని మా అభిప్రాయం. "చేతిలో డబ్బు తక్కువగా ఉంది. అందులో నీ తప్పేం లేదు. మేం చూసుకుంటాం." ఇలా చెప్పడానికి ఖర్చేముంది? తిండి, బడి, నిద్ర వేళలు మారకుండా చూడాలి. దాదీమా పక్కన పడుకుని కథలు వింటే సగం భయం పోతుంది (దాదీమా ఉన్న ఇళ్లు ఇప్పుడెన్ని?). వారాలు గడిచినా దిగులు తగ్గకపోతే తాయెత్తు కట్టి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.