విజ్ఞాన వీథి: నలుపునకూ పరీక్ష కావాలి

సూరత్‌లో కాపురమున్న మన తెలుగు ఇల్లాండ్రకు ఒక మంచి అలవాటు ఉన్నది. రింగు రోడ్డు బజారులో నల్లచీర, దానికి జతగా రవికె గుడ్డ ఎంచుకున్న తరువాత, రెండింటినీ పట్టుకుని అంగడి గుమ్మం దాటి ఎండలోకి వస్తారు. ట్యూబులైటు కింద ఒక్కటిగా కనిపించిన రెండు నలుపులు ఎండలో విడిపోతాయి. ఒకదానిలో ఎరుపు, మరొకదానిలో ఆకుపచ్చ తొంగిచూస్తాయి. అంగడివాడు విసుక్కున్నా వారు లెక్కచేయరు. ఈ నెల మా శీర్షికకు విషయం ఆ గుమ్మం దగ్గరనే లభించినది.

మనకు ఉత్తరాన అహమ్మదాబాదులో 1972లో ఏర్పడిన స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉన్నది. మన ఉపగ్రహాల కెమెరాలు రూపుదిద్దుకునేది అక్కడనే. 1988 మార్చి 17న బైకనూరు నుండి ఎగిరిన ఐ.ఆర్.ఎస్.-1ఎ కెమెరాలు మన కంటికి కనిపించే కాంతిలోనే కాక, కనిపించని సమీప పరారుణ కాంతిలో కూడా భూమిని చూశాయి. ఈ పరారుణంలో పచ్చని పైరు మిక్కిలి ప్రకాశవంతంగాను, నీరు దాదాపు నల్లగాను అగుపిస్తాయి. ఉకాయి జలాశయం ఎంత నిండినది, నది గట్టు ఎక్కడ ఉన్నది అన్నది ఆ తేడాను బట్టే తెలుస్తుంది.

అయితే కెమెరాలోకి వచ్చే కాంతి అంతా కటకం చెప్పిన దారిన పోదు. నీటి పక్కనున్న తెల్లని మేఘపు వెలుగు ఏటవాలుగా వచ్చి, గొట్టపు గోడకు తగిలి, చెదరి, నీటి బొమ్మ పడవలసిన చోట పడుతుంది. అప్పుడు నల్లగా ఉండవలసిన నీరు తెల్లబారుతుంది, గట్టు గీత మసకబారుతుంది. 2006 ఆగస్టులో తాపీ వరద ఈ ఊరిని ముంచెత్తిన సంగతి ఎరిగిన వారికి, నీటికీ నేలకూ నడుమ ఆ గీత ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే గొట్టం లోపల నలుపు పూస్తారు. మన ఊరి వజ్రాల పనివారు లోనికి వచ్చిన వెలుగును తిరిగి బయటకు పంపడానికి రాయిని సానపడతారు. ఈ నలుపు పని దానికి సరిగ్గా విరుద్ధము, వచ్చిన వెలుగును మింగివేయడము.

ఆ నలుపు పూసే పద్ధతులలో ఒకటి యానడైజింగ్. అల్యూమినియాన్ని ఆమ్లపు తొట్టిలో ఉంచి విద్యుత్తు పంపితే, దానిపై సన్నని రంధ్రాలతో కూడిన ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ రంధ్రాలలో నల్లరంగు నింపి, వేడినీటితో మూతవేస్తారు. మన వంటిళ్లలోని హార్డ్ యానడైజ్డ్ పాత్రలు దీనికి దగ్గరి బంధువులే.

చిక్కు ఇక్కడనే ఉన్నది. బట్టలకు వాడే రంగుల వంటి సేంద్రియ రంగులు మన కంటికి కాటుకలా కనిపించినా, వాటిలో పెక్కు సమీప పరారుణంలో వెలుగును వెనుకకు కొడతాయి. మన కంటికి నలుపైనది కెమెరా కంటికి తెలుపు కావచ్చును! పైగా అతినీలలోహిత కిరణాలకు అవి వెలిసిపోతాయి. కనుకనే రంధ్రాలలో నికెల్, కోబాల్టు సల్ఫైడుల వంటి నిరింద్రియ నలుపును నింపే విధానాలపై మన బెంగుళూరు ఉపగ్రహ కేంద్రంలో పరిశోధనలు జరిగాయి.

కాబట్టి నలుపును కంటితో చూసి ఒప్పుకోరు. అదే లోహంతో చేసిన చిన్న పలకకు అదే పూత వేసి, లోపల తెల్లగా ఉన్న బోలు గోళానికి గల కిటికీ వద్ద అమర్చుతారు. ఒక్కొక్క రంగు కాంతిని వరుసగా దానిపై ప్రసరింపజేస్తారు. ఏ దిక్కుకు చెదరిన వెలుగైనా గోళంలోనే చిక్కి లెక్కకు వస్తుంది. మన ఇల్లాండ్రు గుమ్మం దాటి చేసే పనికి ఇది శాస్త్రీయ రూపమని మేము భావిస్తున్నాము.

ఇంతటితో పరీక్ష ముగియదు. శూన్యంలో పూత తనలోని ఆవిరులను వదలుతుంది. అవి చల్లని కటకంపై పేరుకుంటే రక్షించవలసినదే భక్షించినట్లవుతుంది. అందువలన నమూనాను శూన్యంలో 125 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఉంచుతారు. దాని బరువు 1 శాతానికి మించి తగ్గరాదు. ఎదుట 25 డిగ్రీల వద్ద ఉంచిన పలకపై పేరుకున్న పదార్థం ఆ బరువులో 0.1 శాతానికి మించరాదు. ఆపైన వేడిలోను చలిలోను మార్చిమార్చి ఉంచి, అంటుపట్టీ అతికించి లాగి, పొడి రాలుతున్నదేమో చూస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగేవారికి కాసిని నౌక కథ చాలును. శని గ్రహానికి వెళ్లే దారిలో, 2001లో, దాని కెమెరాకు లోపల ఏదో పొర పట్టి నక్షత్రాల చుట్టూ మసక కనిపించినది. కోట్ల కిలోమీటర్ల దూరాన గుడ్డతో తుడిచే వీలు ఎక్కడ? భూమి నుండి ఆదేశాలు పంపి, 2002 వరకు కెమెరాను పలుమార్లు మెల్లగా వేడిచేసి ఆ మసకను తొలగించారు. అన్ని నౌకలకూ అంతటి అదృష్టం ఉండదు.

నేడు ఇంతకంటే గాఢమైన నలుపులు వచ్చాయి. 2014లో ఇంగ్లండులో ప్రకటించిన వాంటాబ్లాక్ తనపై పడిన దృశ్యకాంతిలో 99.96 శాతాన్ని మింగుతుంది. 2015 డిసెంబరు 16న మన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. మోసుకుపోయిన సింగపూరు ఉపగ్రహం కెంట్ రిడ్జ్-1 వెంట అది తొలిసారి కక్ష్యకు చేరినది. కాని కార్బన్ నాళికల అడవి వంటి ఆ పూత చేతితో తాకితే చెడుతుంది. ఎంత గొప్ప నలుపైనా ఆ పరీక్షలన్నీ దాటవలసినదే.

ఐ.ఆర్.ఎస్.-1ఎను 3 ఏండ్ల ఆయువుతో నిర్మించారు. అది 1996 జూలై వరకు, 8 ఏండ్లకు పైగా పనిచేసినది. ఉపగ్రహం ఎగిరిన రోజున పత్రికలలో రాకెట్టు బొమ్మ వస్తుంది. నమూనా పలక మాత్రం ఎక్కడో ఒక బీరువాలో, చీటీతో సహా మిగిలిపోతుంది. మన కర్మాగారాలలో తనిఖీ పుస్తకంలో సంతకం చేసే మిత్రులకు ఆ పలక విలువ బాగా తెలుసును. వారి ఇండ్లలోని పిల్లలు ఈసారి నల్లగుడ్డ కొనేటప్పుడు అమ్మ వెంట ఎండలోకి వెళ్లి చూడవలసినదిగా కోరుతున్నాము.