బేరింగుల బండి మళ్లీ కదిలింది

తెర మీద హీరో మేడ మీంచి దూకితే ఈలలు వేస్తారు, కాగితాలు చింపి ఎగరేస్తారు. అదే మీ నాన్న నడివీధిలో స్కేట్‌బోర్డు మీంచి వెల్లకిలా పడ్డాడనుకోండి, ఏం చేస్తారు? నవ్వకండి! మొన్న దసరా సెలవుల్లో మా లింగాలలో సరిగ్గా ఇదే సీను జరిగింది. టిక్కెట్టు లేదు, వీధి మాత్రం హౌస్‌ఫుల్! పడ్డ కథానాయకుడు ఎవరంటారా? సాక్షాత్తూ మీ ఈ కాలమిస్టే.

కథ మొదటి రీలు నుంచీ చెబుతాను. మా లింగాల నల్లమల అడవి అంచున, అచ్చంపేట పక్కన ఉంది. నా చిన్నతనంలో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఆ రోజుల్లో మా వాడకట్టులో సైకిలున్న పిల్లవాడు దొరబిడ్డ. బేరింగుల బండి ఉన్నవాడు మాత్రం హీరో!

ఈ బండి మీలో కొందరు చూసే ఉంటారు. ఒక చెక్క పలక. దానికి ముందు బోల్టుతో బిగించిన అడ్డకర్ర. మెకానిక్ షెడ్డులో బతిమాలి తెచ్చుకున్న పాత బేరింగులు మూడు, అవే చక్రాలు. అడ్డకర్రను కాళ్లతో అటూ ఇటూ నెడితే బండి మలుపు తిరుగుతుంది. మరి బ్రేకులో? కాళ్ల చెప్పులే! తారు రోడ్డు వాలులో గర్రుమని దిగుతుంటే విమానం ఎక్కినంత సంబరం.

నాకు పదకొండేళ్లప్పుడు ఒకరోజు తమ్ముణ్ణి ముందు కూచోబెట్టుకుని వాలులోకి వదిలాను. గులకరాయి అడ్డం వచ్చింది. ఇనుప బేరింగు రాయిని ఎక్కి దాటలేదు, తన్నుకుని ఆగిపోతుంది. బండి ఆగింది, మేం ఆగలేదు. వాడు చెయ్యి చాచి పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆ రాత్రి మా నాయిన నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. బండి పలకను విరిచి పొయ్యిలో పెట్టాడు, అంతే. ఆ తర్వాత నేను మళ్లీ బండి జోలికి పోలేదు.

ఇక రెండో రీలు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. నెట్‌ఫ్లిక్స్‌లో ‘స్కేటర్ గర్ల్’ చిత్రం చూసింది. 2021లో వచ్చిన ఆ చిత్రంలో రాజస్థాన్ పల్లెటూరి పిల్ల ఒకతి స్కేట్‌బోర్డు పట్టుకుని ఊరి కట్టుబాట్లను ఎదిరిస్తుంది. దర్శకురాలు మంజరి మకిజానీ ఎవరనుకున్నారు? ‘షోలే’లో గుట్ట మీద తుపాకి పట్టుకు కూచున్న సాంబా గుర్తున్నాడా, ఆ మాక్ మోహన్ కూతురే! షూటింగు కోసం ఖేమ్‌పూర్ అనే ఊళ్లో నిజంగానే ఒక స్కేట్‌పార్కు కట్టారు. షూటింగు అయ్యాక సెట్టులా పీకేయకుండా పిల్లలకే వదిలేశారు. అన్నట్టు అందులో మహారాణిగా కనిపించేది వహీదా రెహమాన్. 1955లో మన ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు నాట్యం చేసి ఆంధ్రదేశాన్ని ఊపేసిన వహీదాయే సుమండీ!

చిత్రం అయిపోగానే “నాన్నా, నాకూ స్కేట్‌బోర్డు కావాలి” అంది అమ్మాయి.

“వద్దు. చదువు పాడవుతుంది” అన్నాను. చదువు సంగతి ఉత్తమాట. ఆ క్షణాన నా కళ్ల ముందు ఉన్నది తమ్ముడి మణికట్టు.

దసరాకు ఊరికి వెళ్తే బోర్డు గుమ్మంలో ప్రత్యక్షం! కొనిచ్చింది ఎవరో తెలుసా? ఆ మణికట్టు విరిగిన తమ్ముడే. “బాబాయి కొనిచ్చిండు” అని పిల్ల గంతులేస్తుంటే వాడి మీద ఒళ్లు మండిపోయింది.

మర్నాడు అరుగు మీద కూచుని చక్రం ఊడదీసి దుమ్ము తుడుస్తోంది. లోపల్నుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. చూద్దును కదా, బేరింగు! ఒక్కో చక్రానికి రెండు చొప్పున నాలుగు చక్రాలకు ఎనిమిది. మా బండిలో ఉన్న సరుకే, కాకపోతే చిన్న సైజు. దాని చుట్టూ యూరెథేన్ తొడుగు. అమెరికాలో కూడా మొదట్లో ఇనుప చక్రాలు, మట్టి మిశ్రమంతో చేసిన చక్రాలే ఉండేవి. చిన్న రాయి తగిలినా మనిషి ఎగిరిపడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే యువకుడు ఈ యూరెథేన్ చక్రాలను బజారులోకి తెచ్చాకే ఆట దశ తిరిగింది. మమ్మల్ని పడేసిన గులకరాయి వాళ్లనూ పడేసిందన్నమాట!

‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ (1985) చూసినవాళ్లకు ఒక సీను గుర్తుండాలి. హీరో మైకేల్ జె. ఫాక్స్ ఒక చిన్న పిల్లవాడి చెక్కబండిని లాక్కుని, పైనున్న పెట్టెను పీకేసి, మిగిలిన పలక మీద నిలబడి రౌడీల నుంచి తప్పించుకుంటాడు. ఆ పలకా మా లింగాల పలకా అన్నదమ్ములు కావూ?

బేరింగును వేలితో తిప్పాను. గిర్రున తిరిగింది. ఏమైందో ఏమో, లేచి బోర్డు ఎక్కాను. మూడు గజాలు వెళ్లాను. ఆ తర్వాతి సీను మీకు ముందే చెప్పాను!

“గీ వయసుల గీ ఆటలేంది కొడకా?” ఎదురింటి పెద్దమ్మ నోరు నొక్కుకుంది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. తన హెల్మెట్టు తీసి నాకు పెట్టింది. “మోకాళ్లు వంచు నాన్నా. పడేటప్పుడు చేతులు చాచొద్దు, మణికట్టు పోతుంది. భుజం మీద దొర్లు” అంది.

ఆ మాట ముప్పై ఏళ్ల క్రితం నాకెవరైనా చెప్పి ఉంటే! పిల్లకు నేను నేర్పిందల్లా “వద్దు” అనే ఒక్క మాట. ఎలా పడాలో అదే నాకు నేర్పింది.

సాయంత్రం తమ్ముణ్ణి అడిగాను, “ఎందుకు కొనిచ్చినవురా, నీ చెయ్యి యాది లేదా?” అని.

వాడు నవ్వాడు. “నా చెయ్యి నెలన్నరకే అతికిందన్నా. నువ్వే ఇంకా కట్టు విప్పుకోలేదు” అన్నాడు.

నాకు మాట పెగల్లేదు. మూడు రోజుల తర్వాత పడకుండా వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. పెద్దమ్మ కూడా అరుగు మీంచి చప్పట్లు కొట్టింది.

ఇది పిల్లల ఆటేగా అంటారా? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డు మొదటిసారి ప్రవేశించింది. జపాన్ అమ్మాయి మోమిజి నిషియా పదమూడేళ్లకే స్వర్ణం కొట్టింది. 2024 పారిస్‌లో చైనా పాప ఝెంగ్ హావోహావోకి పదకొండేళ్లు. అదే ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున బోర్డెక్కిన ఆండీ మెక్‌డొనాల్డ్‌కి ఎంతో తెలుసా? యాభై ఒకటి! ఆ లెక్కన నాకింకా టైముంది.

యువ పాఠకులారా, ఈ వారం మీకో చిన్న పని. ఇంట్లో నాన్ననో అమ్మనో కదిపి చూడండి: చిన్నప్పుడు ఏ ఆటంటే ప్రాణం, ఎందుకు మానేశారు అని. ఒక “వద్దు” వెనకాల ఒక మణికట్టు కథ ఉండొచ్చు. అది విన్నాక మీ హెల్మెట్టు వాళ్లకోసారి ఇచ్చి చూడండి. పడితే మాత్రం ఈల వేయకండేం!

వచ్చే వారం మళ్లీ కలుద్దాం, నా మోచేతి గాయం మానితే!