డోకులు వస్తాయి, వాంతి రాదు

రాత్రి అన్నం తిన్న గంటకో రెండు గంటలకో పెద్ద కుక్క ఇంట్లో కుదురుగా ఉండలేకపోతుంది. పడుకుంటుంది, వెంటనే లేస్తుంది. హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరుగుతుంది. తల వెనక్కి తిప్పి తన డొక్క వంక చూసుకుంటుంది. నోటి వెంట సొంగ ఆగకుండా కారుతుంది. పొట్ట ఎగదన్ని డోకుతుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. బయటికి వచ్చేది తెల్లటి నురగ, కాస్త జిగురు, అంతే. తిన్న మెతుకు ఒక్కటీ రాదు.

ఇది చూసి చాలామంది అనుకునేది ఒకటే: గ్యాస్ పట్టింది, కాస్త గడ్డి తిని కక్కేస్తే సర్దుకుంటుంది, లేకపోతే పొద్దున్నే డాక్టరుకి చూపిద్దాం. ఈ వారం నేను రాస్తున్నది ఆ 'పొద్దున్నే' గురించే. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్క డోకుతూ వాంతి చేసుకోలేకపోతుంటే తెల్లారేదాకా ఆగే వీలు లేదు. పొట్ట ఇంకా ఉబ్బుతుందేమో చూద్దాం అని కూర్చునే వీలూ లేదు. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో ఆ ఉబ్బు పక్కటెముకల కింద దాక్కుని, పైకి కనిపించేసరికి ఆలస్యమైపోవచ్చు. వెంటనే బండి తియ్యాలి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. జీర్ణాశయం గాలితోనూ తిన్నదానితోనూ ఉబ్బి, ఉన్నచోటనే మెలి తిరుగుతుంది. సగం చుట్టు, ముప్పావు చుట్టు, ఒక్కోసారి పూర్తి చుట్టు. పైన అన్నవాహిక, కింద చిన్నపేగు మొదలు, రెండు దారులూ మూసుకుపోతాయి. అందుకే వాంతి రాదు, తేనుపు రాదు, గాలి కిందికీ పోదు. తిరిగేటప్పుడు జీర్ణాశయం తనను అంటి ఉన్న ప్లీహాన్ని కూడా లాక్కుపోతుంది. మధ్యనున్న సన్నటి రక్తనాళాలు తెగి లోపల రక్తం కారవచ్చు. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. వెనక సగం శరీరం నుంచి గుండెకి రక్తం తీసుకెళ్ళే పెద్ద సిరను ఉబ్బిన జీర్ణాశయం నొక్కేస్తుంది. గుండెకి చేరే రక్తం తగ్గితే గుండె పంపేదీ తగ్గుతుంది. చిగుళ్ళు పాలిపోతాయి, నాడి చేతికి అందదు, కాళ్ళు చల్లబడతాయి. అక్కడినుంచి జీర్ణాశయం గోడకి రక్తం అందక అది చచ్చుబడటం మొదలవుతుంది. పశువైద్యులు దీన్ని జీడీవీ అంటారు, కుక్కల్ని పెంచేవాళ్ళు బ్లోట్ అంటారు. వైద్యం అందకపోతే బతకడం దాదాపు ఉండదు.

మా వీధి చివరింట్లో ఒక గ్రేట్ డేన్ ఉంది. దానికి ఇది వచ్చిన రాత్రి నేను అక్కడే ఉన్నాను. ఆ ఇల్లాలు ఫోన్‌లో పశువుల డాక్టరుతో మాట్లాడటం నా చెవులారా విన్నాను.

"డాక్టరు గారూ, మావాడికి గ్యాస్ పట్టినట్టుందండీ. ఏం మందు వెయ్యమంటారు?"

"వాంతి అవుతోందా అమ్మా?"

"చేసుకుంటున్నట్టే ఉన్నాడు గానీ నురగ తప్ప ఏం రావట్లేదండీ."

"పక్కటెముకల వెనక డొక్క మీద వేలితో కొట్టి చూడండి."

కొట్టారు. డప్పు మీద కొట్టినట్టు మోగింది. ఆ చప్పుడు ఫోన్‌లో ఆయనకీ వినిపించి ఉంటుంది. "మందులేం వద్దమ్మా. వెంటనే బయల్దేరండి. నేను ఆస్పత్రి తెరిపిస్తున్నా" అన్నాడు.

యాభై కిలోల పైన ఉన్న కుక్కని ఎత్తడమే ఒక పని. మంచం మీది దుప్పటి కింద పరిచి, దాని మీద పడుకోబెట్టి, నలుగురం నాలుగు మూలలూ పట్టుకుని కారు వెనక సీట్లోకి చేర్చాం. దారిలో ఆవిడ దాని పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూస్తూ కూర్చున్నారు. వేలితో నొక్కి వదిలితే గులాబీ రంగు రెండు సెకన్లలోపే తిరిగి రావాలి. అక్కడ రంగు రావడానికి బాగా సమయం పడుతోంది.

ఆస్పత్రిలో డాక్టరు ముందు ఎక్స్‌రే జోలికి పోలేదు. రెండు ముందు కాళ్ళకీ లావుపాటి సూదులు పెట్టి సెలైన్ వదిలాడు. వెనక కాళ్ళకి ఎక్కిస్తే ఆ సెలైన్ నొక్కుకుపోయిన సిర దాటి గుండెకి చేరదు, అందుకే ముందు కాళ్ళు. ఆ తరవాత డొక్క మీద బాగా మోగే చోట వెంట్రుకలు గీసి, శుభ్రం చేసి, సూది గుచ్చాడు. బుస్సుమని గాలి బయటికొచ్చింది, దానితో పులిసిన వాసన. కుక్క ఊపిరి తీరు కళ్ళముందే మారింది. అప్పుడు కుడి పక్కకి పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారు. ఒకే సంచిలా కనబడాల్సిన జీర్ణాశయం మధ్యలో ఒక గీతతో రెండు గాలి గదులుగా కనిపించింది. తిరిగిందనడానికి అదే రుజువు. ఒట్టి ఉబ్బరమా, మెలికా అన్నది ఇంట్లో కూర్చుని ఎవరూ తేల్చలేరు. తేల్చేది ఆ ఫిల్మే.

ఆపరేషన్ అయ్యాక ఆయన చెప్పినది ఇది: మెలిక విప్పి ఉన్నచోటికి తేగానే ఊదారంగులో ఉన్న గోడ కొన్ని నిమిషాలకి మెల్లగా గులాబీ రంగుకి తిరిగింది, కోసి తీసేయాల్సిన ముక్క లేదు, ప్లీహం కూడా దక్కింది. నల్లబడిన చోటు ఉంటే కత్తిరించాలి, అప్పుడు బతికే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ తరవాత కూడా గండం గడిచినట్టు కాదు. రక్తం మళ్ళీ పారడం మొదలవగానే అంతసేపూ చచ్చుబడి ఉన్న కణాల్లో పేరుకున్న విషాలు గుండెకి చేరతాయి, గుండె లయ తప్పుతుంది. ఆపరేషన్ తరవాత మూడు రోజులు ఈసీజీ మీద కన్నేసి ఉంచేది అందుకే. ఆ కుక్క ఇంటికొచ్చింది. ఆవిడ ఆ రాత్రి ఫోన్ చేసి, చెప్పగానే బయల్దేరడం వల్లే వచ్చింది. విదేశీ ఆస్పత్రుల లెక్కల్లో ఆపరేషన్ దాకా చేరిన కుక్కల్లో నూటికి 70 నుంచి 90 దాకా బతుకుతున్నాయి. లక్షణాలు మొదలై ఆరు గంటలు దాటాక వచ్చినవాటిలో చావులు ఎక్కువ.

ఇక మన ఇళ్ళలో చేసే చిట్కా వైద్యాల సంగతి. పాడి ఉన్న ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకి కడుపుబ్బరం కొత్త కాదు. పచ్చి పిల్లిపెసర ఎక్కువ మేసి ఆవు ఎడమ డొక్క ఎగదన్నుకొస్తే వేరుశనగ నూనె తాగించడం, మరీ ప్రాణం మీదికొస్తే డాక్టరు వచ్చి డొక్కలో గొట్టం దించి గాలి తీయడం మనకి తెలుసు. ఆవు కడుపులో నురగని విరిచేది ఆ నూనె, అక్కడ అది పని చేస్తుంది. అదే అలవాటుతో కుక్క నోట్లో నూనె పోస్తే? దారి మూసుకుపోయి ఉంది. పోసింది లోపలికి పోదు. డోకే కుక్క దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుంటుంది. మజ్జిగ, సోడా, వాము నీళ్ళు, మనం వేసుకునే గ్యాస్ మాత్ర, వీటిలో ఏదీ ఆ మెలికని విప్పదు. వేసి అరగంట చూద్దామంటే ఆ అరగంట కుక్క ఆయుష్షులోంచి పోతుంది. ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయించబోవడం మరీ ప్రమాదం. సూది గుచ్చే పని కూడా ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు. ఆవుకి తెలిసిన డాక్టరు గారు దగ్గర్లో ఉంటే మాత్రం ఆయన్ని లేపండి. గాలి తీసి, సెలైన్ పెట్టి పెద్ద ఆస్పత్రికి పంపగలిగినా ఆ కుక్కకి దారిలో ప్రాణం నిలుస్తుంది.

ఏ కుక్కలకి వస్తుంది? గ్రేట్ డేన్‌కి అన్నిటికంటే ఎక్కువ. ఆ జాతిలో ప్రతి మూడింటిలో ఒకదానికైనా జీవితంలో ఎప్పుడో ఇది వస్తుందని అంచనా. సెయింట్ బెర్నార్డ్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వీలర్, స్టాండర్డ్ పూడుల్ కూడా వరసలో ఉన్నాయి. లాబ్రడార్‌కి రాదనుకోవద్దు. 2008లో వచ్చిన 'మార్లీ అండ్ మి' సినిమా చూసి ఏడవనివాళ్ళు తక్కువ. జాన్ గ్రోగన్ రాసుకున్న సొంత కుక్క కథ అది. మార్లీ లాబ్రడార్, దాన్ని తీసుకుపోయింది ఈ జబ్బే. మొదటిసారి ఆపరేషన్ లేకుండానే గండం తప్పింది, రెండోసారి తప్పలేదు.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు పదకొండు పెద్ద జాతులకి చెందిన 1,600 పైచిలుకు కుక్కల్ని కొన్నేళ్ళు గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. వయసు పెరిగేకొద్దీ, తల్లికో తండ్రికో తోబుట్టువుకో వచ్చి ఉంటే, గబగబా మింగే అలవాటుంటే ముప్పు పెరుగుతుందని తేల్చారు. గిన్నెని స్టాండు మీద ఎత్తుగా పెట్టి తినిపిస్తే మంచిదన్న నమ్మకం అంతకుముందు ఉండేది. ఆ పరిశోధనలో లెక్క తిరగబడింది, ఎత్తు గిన్నెలతో ముప్పు ఎక్కువగా కనిపించింది. మన ఊళ్ళలో దుకాణాలవాళ్ళు ఇంకా ఆ స్టాండ్లు గ్రేట్ డేన్ ఉన్నవాళ్ళకే ముందు చూపిస్తారు. మెడ నొప్పి వంటి కారణంతో డాక్టరు చెబితే తప్ప వాటి అవసరం లేదని నా అభిప్రాయం.

తిండి అలవాటు మార్చడం మన చేతిలో ఉన్న పని. పగలంతా ఏదో కాస్త పెట్టి, రాత్రి అందరి భోజనాలూ అయ్యాక బేసిన్ నిండా అన్నం, కోడి మాంసం కలిపి ఒక్కసారే పెట్టే ఇళ్ళు ఎన్నో చూశాను. పెద్ద కుక్కకి ఆ తిండినే రెండు మూడు పూటలుగా పంచాలి. ఇంట్లో రెండు కుక్కలుంటే పోటీపడి మింగకుండా వేరువేరు గదుల్లో పెట్టాలి. తిన్న వెంటనే మేడ మీద బంతి విసిరి ఉరికించకూడదు. రాత్రి భోజనం ఇంకాస్త ముందుకి జరిపితే ఇంకో లాభం ఉంది: ఏదైనా తేడా వస్తే ఇంటిల్లిపాదీ మెలకువగా ఉన్న వేళకే బయటపడుతుంది.

ఇన్ని జాగ్రత్తలు పాటించినా రావచ్చు. వచ్చినప్పుడు 'నేను పెట్టిన అన్నమే చంపింది' అని జీవితాంతం కుమిలేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి చెప్పాల్సింది ఉంది. ఛాతీ ఆకారం, వంశం, వయసు, భయపడే స్వభావం అన్నీ కలిస్తే వచ్చే జబ్బిది. ఒక పూట తిండి మీద నేరం మోపడం న్యాయం కాదు. ఆపరేషన్ చేయించలేనివాళ్ళ మీద నేరం మోపడం అంతకన్నా అన్యాయం. ఖర్చు పెద్దది, అది అప్పటికప్పుడు అర్ధరాత్రి కట్టమంటారు. ముసలి కుక్క, గోడ చచ్చుబడింది, చేతిలో డబ్బు లేదు, అప్పుడు డాక్టరు చేత సూది వేయించి నొప్పి లేకుండా సాగనంపడం కూడా దాన్ని ప్రేమించడమే. ఎటూ తేల్చుకోలేక పొద్దుటిదాకా దాన్ని బాధపడనివ్వడం ఒక్కటే చెయ్యకూడనిది.

మన దగ్గర రాత్రి వైద్యం మాటకొస్తే, హైదరాబాదులో ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆస్పత్రులు ఉన్నాయి. జిల్లాల్లో అర్ధరాత్రి కుక్క కడుపు కోసి సరిచేయగల చోటు దొరకడం కష్టం. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం పెట్టినవి. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలలున్న రాష్ట్రాలు మనవి. ఏటా శస్త్రచికిత్సలో పీజీ చేసి బయటికొచ్చే పిల్లలున్నారు. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక్క ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా రాత్రికి ఒక సర్జన్, ఒక మత్తు యంత్రం ఉంచమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఈనలేక రాత్రంతా నరకం చూసే గేదెకీ ఆ సర్జనే దిక్కవుతాడు. ఇది పెంపుడు కుక్కలున్న పట్నంవాళ్ళ గోల అని తోసెయ్యడానికి లేదు.

ఆ సదుపాయం వచ్చేలోపు పెద్ద కుక్క ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ పట్టపగలే కనుక్కుని ఉంచుకోవాల్సినవి కొన్ని: రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేదెవరు, అక్కడ ఆపరేషన్ చేస్తారా లేక సెలైన్ పెట్టి పంపేస్తారా, కుక్కని ఎక్కించుకునే కారో ఆటోనో ఎవరిది. క్యాబ్‌వాళ్ళు చాలామంది పెద్ద కుక్కని చూడగానే రద్దు చేసి పోతారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా చెప్పి ఉంచాలి, దుప్పటి నాలుగో మూల పట్టేది అతనే.

అన్నిటికంటే ముందు చేయించగలిగింది ఇంకొకటి ఉంది, మన డాక్టర్లు దాన్ని తగినంతగా చెప్పడం లేదు. జీర్ణాశయం కుడివైపు కింది భాగాన్ని పొట్ట గోడకి, చివరి పక్కటెముక వెనక కుట్టేస్తారు. గ్యాస్ట్రోపెక్సీ అంటారు. కుట్టాక కూడా కడుపు ఉబ్బవచ్చు, కానీ తిరగడం బాగా అరుదు. మెలిక విప్పి కుట్టకుండా వదిలేసిన కుక్కల్లో సగానికి పైగా మళ్ళీ అదే గండంతో వస్తాయి. కుట్టినవాటిలో నూటికి అయిదుకి మించవు. మార్లీకి రెండోసారి వచ్చిన గండాన్ని ఆపేది సరిగ్గా ఈ కుట్లే. జబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆడ కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడే, అదే మత్తులో, అదే కోతలో ఇదీ చేసేయవచ్చు. సదుపాయం ఉన్నచోట చిన్న రంధ్రాలతో లాపరోస్కోపీలోనూ చేస్తారు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ పిల్లని తెచ్చుకున్నవాళ్ళు ఆ ఆపరేషన్‌కి తేదీ అడిగే రోజునే దీని గురించి కూడా అడగండి. అమ్మిన మనిషిని దాని తల్లికో తండ్రికో కడుపు మెలిక వచ్చిందా అని అడగండి. వచ్చిందంటే ఇక ఆలోచించకుండా కుట్టించేయండి.