గవర్నరు నెవరెన్నుకొనవలెను?

నిరవద్యపురమని పేరుగాంచిన నిడదవోలు ఒకనాడు చాళుక్యుల రాజధాని. ఆ వంశపు వీరభద్రుడు కాకతి రుద్రమదేవికి భర్త. గణపతిదేవుడు కుమార్తెకు రాజ్యమప్పగించినపుడు ప్రజల సమ్మతి నెవరును అడుగలేదు. అది రాచరికపు నీతి. ప్రజాస్వామ్యమున మాత్రము, అధికారము ఎవరిచ్చినదను ప్రశ్న తప్పదు.

అమెరికాలో వర్జీనియా 1851 వరకును, దక్షిణ కరోలినా 1865 వరకును శాసనసభచేతనే గవర్నరు నెన్నుకొనుచుండెను. పిమ్మట ఆ హక్కు ఓటర్లకు సంక్రమించినది. ఆ ఓటర్లలో స్త్రీలు లేరు. అయినను పాలకుడు ఓటరు గడప తొక్కవలసినదేయను సూత్రము నిలిచినది. ఆ కాలముననే మన గోదావరి తీరము నేలిన మద్రాసు గవర్నరులు లండనునుండి నియమితులై వచ్చుచుండిరి.

గవర్నరును వయోజన ఓటుతో ఎన్నుకొనవలెనని మన రాజ్యాంగసభయు 1947 జూలైలో అంగీకరించినది. 1949 మే నెలలో ఆ అభిప్రాయమును విడిచి, రాష్ట్రపతి నియామకమునకు మొగ్గినది. నెల్లూరు జిల్లావారైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు దీనిని సమర్థించిరి. ప్రజలెన్నుకొన్న గవర్నరును, ప్రజలకు బాధ్యుడైన ముఖ్యమంత్రియు ఒక ఒరలో రెండు కత్తులగుదురను భయము నిరాధారము కాదు.

కాని నియామకపు దోషమును తెలుగువారు స్వయముగా చవిచూచిరి. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్, శాసనసభలో బలపరీక్ష జరుగకమునుపే, ఎన్.టి. రామారావు మంత్రివర్గమును తొలగించిరి. ప్రజలు వీధులకెక్కిరి, గవర్నరు మారిరి, సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రియైరి. బలాబలములు సభలోనే తేలవలెనని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పుటకు 1994 వరకు పట్టినది.

ఈ రెంటికిని నడుమ ఒక మార్గము 1948 నాటి రాజ్యాంగ ముసాయిదాలోనే కలదు. శాసనసభ దామాషా పద్ధతిని నలుగురి నెన్నుకొనగా, వారిలో నొకరిని రాష్ట్రపతి నియమించుట. అధికారపక్షము తన అనుచరునే పంపునని కొందరందురు. నిజమే, కాని దామాషా ఓటులో ప్రతిపక్షపు పేరును జాబితా కెక్కగలదు. ఇట్లు వచ్చిన గవర్నరు ముఖ్యమంత్రికి పోటీ కాడు. ఢిల్లీకి మాత్రమే కృతజ్ఞుడును కాడు. ఆ మార్గమే మేలని నా అభిప్రాయము.

ఉపాధ్యాయులు పౌరశాస్త్రపు తరగతిలో గవర్నరు అధికారములను వల్లె వేయించి విడువరాదు. ఈ మూడు పద్ధతులను నల్లబల్లపై వ్రాసి, 1984లో ఏది ఏమి చేసియుండెడిదో విద్యార్థులచే వాదింపజేయవలెను. రేపటి ఓటర్లు వారే గదా!