దూరం ఒకటి, కాలం మరొకటి

పటం మీద రెండు నగరాల నడుమ కొలబద్ద నుంచి దూరమెంతో చెప్పుమనుట మన పాఠశాలలలో చిరకాలంగా ఉన్న ఆచారం. పోవడానికి ఎంతసేపు పట్టునని అడిగే ఉపాధ్యాయులు అరుదు. దూరం తెలిసిన చాలు, కాలం దానంతట అదే తెలుస్తుందనే భ్రమ ఇందుకు కారణం కావచ్చును.

2016 అక్టోబరులో ఆ భ్రమను ఒక విమానం పోగొట్టినది. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అంతవరకు అట్లాంటిక్ మీదుగా పోయే ఎయిర్ ఇండియా విమానాన్ని ఆ నెలలో తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపించారు. సుమారు 13,900 కిలోమీటర్ల దారి 15,300 కిలోమీటర్లకు పెరిగినది. అయినను పధ్నాలుగున్నర గంటలలో, పూర్వం కన్న రమారమి రెండు గంటలు ముందుగా, విమానం గమ్యం చేరినది. మహా ఎత్తున పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. పాత దారిలో అవి ఎదురుగాలులు. కొత్త దారిలో వెన్నుతట్టే గాలులు.

గోదావరి వారికి ఇందులో వింత లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట ఈ సీమలో చాలాకాలం కాలువ పడవలే బండ్లు. వాలున నీరే పడవను తీసుకొనిపోయేది. ఎదురు ప్రయాణంలో పడవవారు గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగవలసివచ్చేది. పోనూ రానూ దూరం ఒక్కటే. కాలం ఒక్కటి కాదు. ఏటికి ఎదురీదుట అనే పలుకుబడి గల భాషలో పిల్లలకు ఈ మాట వేరుగా చెప్పవలసిరావడమే విచిత్రం!

మధురపూడి నుండి శంషాబాదుకు ఆకాశమార్గాన సుమారు 360 కిలోమీటర్లు. ప్రయాణం గంట పైచిలుకు. అమలాపురం నుండి మధురపూడికి ఉన్న దారి అందులో నాలుగో వంతైనా లేదు. అయినను విమానంలో కన్న ఆ దారిలోనే ఎక్కువసేపు గడుస్తుంది.

ఇది ప్రయాణికుల ముచ్చట మాత్రమే అయితే ఇంత చెప్పనక్కరలేదు. బడి ఎంత దూరాన ఉండవలెనో 2010 నాటి కేంద్ర విద్యాహక్కు నియమాలు కిలోమీటర్లలో నిర్ణయించినవి: ఐదవ తరగతి వరకు ఒకటి, ఆపైన ఎనిమిదవ తరగతి వరకు మూడు. కోనసీమ లంకలలో పాయకు ఇవతల ఇల్లు, అవతల బడి ఉండవచ్చును. పటం మీద అది అర కిలోమీటరే. గోదావరికి వరద వచ్చిన రోజున అది పడవ కోసం కాచుకొనే పూట. నీరు తీయకపోతే బడికి పోని రోజులు. వరద భయమున్న చోట హద్దును కుదించవలెనని ఆ నియమాలలోనే ఉన్నది. కాని ఎంత కుదించవలెనో కిలోమీటర్ల పట్టిక చూచి ఎవరు చెప్పగలరు? నిమిషాలలో, అందునా శ్రావణమాసపు నిమిషాలలో, కొలిచినగాని తెలియదు.

ఆ కొలతకు పెద్ద సాధనాలు అక్కరలేదు. ఇంటి నుండి బడికి పట్టిన కాలాన్ని విద్యార్థులు జూన్‌లో ఒక వారం, ఆగస్టులో ఒక వారం తమ పుస్తకాలలో వ్రాసుకొంటే చాలును. ఆ పట్టికను మండల విద్యాధికారికి పంపడానికి అయ్యేది తపాలా ఖర్చు మాత్రమే.