గాలిలో గంట... నేల మీద పూట!

విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు ఆకాశమార్గాన దూరం 500 కిలోమీటర్ల పైచిలుకు. రైలులో రాత్రంతా ప్రయాణం. విమానం సుమారు గంటంపావులో దించేస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ గంటంపావు లెక్క విమానాశ్రయం గేటు దగ్గర ఉన్నవారికే సరిపోతుంది. ఇచ్ఛాపురం, కవిటి, పార్వతీపురం వాసులకు సరిపోదు.

భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. 2026 జనవరిలో ప్రయోగాత్మకంగా తొలి విమానం దిగింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఈ విమానాశ్రయానికి సుమారు 2,200 ఎకరాల భూమి సేకరించారు. అందుకోసం పొలాలు, ఇళ్లు వదులుకున్నది మన రైతులే. విశాఖ విమానాశ్రయంతో పోలిస్తే ఉత్తరాది మండలాల వారికి 50 కిలోమీటర్ల దాకా దూరం తగ్గుతుంది. సంతోషించవలసిందే. అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురానికి రోడ్డు మార్గాన దాదాపు 200 కిలోమీటర్లు. పలాస నుంచి 140 వరకు ఉంటుంది. విమానం కదలడానికి గంట ముందే కౌంటరు మూసేస్తారు కనుక రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. ఉదయం 6 గంటల విమానానికి ఇచ్ఛాపురం మనిషి అర్ధరాత్రికే ఇల్లు కదలాలి. ఆ వేళ పల్లెకు ఏ బస్సు వస్తుంది? కారు మాట్లాడుకుంటే దాని కిరాయి విమానం టిక్కెట్టుతో పోటీపడుతుంది.

విమానం ఎక్కేది షావుకార్లే అనుకుంటే పొరపాటు. ఉద్దానం కుర్రాళ్లు వెల్డింగు, రిగ్గింగు పనులకు గల్ఫ్ దేశాలకు, సింగపూర్‌కు వెళ్తున్నారు. అప్పు చేసి టిక్కెట్టు కొంటున్నారు. దారిలో ఆలస్యమై విమానం తప్పితే పోయేది ఒక్క ప్రయాణమే కాదు. ఆ ఇంటి ఆశ కూడా పోతుంది.

ఇది తీరని సమస్యేమీ కాదు. 2008 మార్చిలో హైదరాబాద్ విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. దూరం పెరిగింది. 2009లో పి.వి. నరసింహారావు పేరిట 11 కిలోమీటర్లకు పైగా పొడవైన వంతెన దారి తెరిచారు. ఆర్టీసీ వారు పుష్పక్ పేరుతో విమానాశ్రయానికి ప్రత్యేక బస్సులు నడుపుతున్నారు. నగరవాసికి చేసిన ఏర్పాటు పల్లెవాసికి ఎందుకు చేయరాదు?

మనం కోరేది పెద్ద పనులు కావు. ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం, పాలకొండల నుంచి విమాన వేళలకు తగినట్లు రాత్రిపూట కూడా బస్సులు నడపాలి. రాత్రి రైళ్లు దిగినవారికి విజయనగరం స్టేషన్ నుంచి బస్సు సిద్ధంగా ఉంచాలి. అక్కడికి భోగాపురం సుమారు 25 కిలోమీటర్లే. జాతీయ రహదారిపై బస్సు ఆగేచోట దీపం, తాగునీరు, ఆడవారు నిలబడేందుకు నీడ కల్పించాలి. ప్రతి బస్టాండులో వేళల పట్టిక కట్టాలి.

ప్రయాణం కొలవవలసింది రన్‌వే నుంచి రన్‌వేకు కాదు, గడప నుంచి గడపకు. ఆర్టీసీ, రైల్వే, జిల్లా అధికారులు కలిసి కూర్చుని ఈ లెక్క తేల్చాలి. భూమి ఇచ్చిన జిల్లాల ప్రజలు విమానాన్ని తలెత్తి చూడటంతోనే సరిపెట్టుకోవలసిన గతి పట్టరాదు.